ఓడల సీరియలూ, మా అమ్మ తెలుగూ
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం "మన ఇళ్లలో టెలివిజన్". పండితులు మాట్లాడవలసిన విషయం కాదు గనుకనే మమ్మల్ని పిలిచారనుకుంటాము. మాది సాయంకాలం తరగతిలో దిద్దుకున్న తెలుగు. అక్కడక్కడ తడబడితే పెద్దలు మన్నించాలి.

సింగపూరులో టెలివిజన్ 1963 ఫిబ్రవరి 15న మొదలయింది. ఆ రోజుల్లో అందరి ఇళ్లలోనూ పెట్టె ఎక్కడిది? కమ్యూనిటీ సెంటరుకు పోయి, బల్ల దొరికితే బల్ల మీద, లేకపోతే నేల మీద కూర్చొని చూసేవాళ్లం. మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు, నాలుగు భాషలూ ఆ పెట్టెలో పలికాయి. తెలుగు పలకలేదు. ఎవరినీ నిందించ పనిలేదు, మనం కొద్దిమందిమి. బడిలోనూ అంతే. మాలో చాలామందిమి రెండవ భాషగా తమిళమో మలయో చదివాము. తరువాతి కాలంలో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూలకు బడి పరీక్షల్లో చోటు దొరికింది గాని తెలుగుకు దొరకలేదు. కాబట్టి తెలుగు వినాలంటే అమ్మ దగ్గరే వినాలి.

ఇక సీరియల్ సంగతి. నలభై దాటినవారికి జ్ఞాపకం ఉండవచ్చు, 1994లో ఛానెల్ 5లో "మాస్టర్స్ ఆఫ్ ది సీ" అని ఒకటి వచ్చింది. చైనీస్ విభాగం వారు 1982 నుండీ సొంత నాటకాలు తీస్తున్నారు. వలస వచ్చినవారి కథ "ది అవేకెనింగ్" 1984లోనే వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం అంతవరకు "డల్లాస్" వంటి దిగుమతి సరుకే. సింగపూరు వాళ్లు తమంతట తాము ఇంగ్లీషులో తీసుకున్న మొట్టమొదటి డ్రామా సీరియల్ ఈ ఓడల సీరియలే. ఓడల వ్యాపారం చేసే పెద్ద కుటుంబం, ఆస్తి, పంతాలు, పగలు. అన్నీ "డల్లాస్" వరసే, చమురుకు బదులు సముద్రం.

నవ్వారండీ జనం! కోపీటియాంలో నవ్వారు, ఆఫీసుల్లో నవ్వారు. కథకు కాదు, వాళ్ల మాటకు. ఆ ఇంగ్లీషు అమెరికాదీ కాదు, లండనుదీ కాదు, మన బస్సుల్లో వినబడేదీ కాదు. ఏ ఇంట్లో ఇలా మాట్లాడుకుంటారని అడిగారు. ఎక్కువ కాలం నడవలేదు, పోయింది.

మా ఇంట్లో మాత్రం ఒక్క భాగం కూడా విడిచిపెట్టలేదు. కారణం మా అమ్మ. ఆమె పుట్టింది మలయా రబ్బరు తోటలో, ఇంగ్లీషు రాదు. ఓడ అనే మాట వినబడితే చాలు, కుర్చీ ముందుకు లాక్కొనేది. తాతగారు శ్రీకాకుళం వైపు నుండి మద్రాసు చేరి "రజులా" ఓడెక్కి వచ్చినవారు. తెర మీద ఎవరు నోరు తెరిచినా అమ్మ, "ఏటంతన్నాడు?" అని అడిగేది. మేము తెలుగులో చెప్పాలి. షేర్లు, బోర్డు మీటింగు, కంట్రాక్టు, వీటికి మా దగ్గర తెలుగేదీ? "డబ్బు పెట్టినోళ్లు కూర్చుని కొట్లాడుకుంటున్నారమ్మా" అనేవాళ్లం. "వీలునామా" అనే మాట మాకు ఆమే అందించింది. ఎక్కడ దాచుకుందో! అన్నేళ్లలో అంత తెలుగు మా నోట వచ్చింది ఆ కొన్నాళ్లే. ఒకసారి ఆ ఓడల దొర కోటు వేసుకొని గర్జిస్తుంటే అమ్మ మెల్లగా, "మరి డెక్కు మీద కూకున్నోళ్ల మాటేటి? ఆళ్లని సూపించరా?" అన్నది. ఏ పత్రికలోనూ ఆ విమర్శ మేము చదవలేదు.

నవ్వినవాళ్లు నవ్వారు గాని, దారి మూసుకుపోలేదు. 1995లో పోలీసు సీరియల్ "ట్రిపుల్ నైన్" వచ్చింది, ఫ్లాటులో కాపురముండే టాన్ కుటుంబంతో "అండర్ వన్ రూఫ్" వచ్చింది. 1996లో "గ్రోయింగ్ అప్" మొదలై 2001 దాకా నడిచింది. అరవైల నాటి సింగపూరు, టే వారి కుటుంబం, తండ్రిగా లిమ్ కే టాంగ్. అది చూస్తూ అమ్మ మమ్మల్నేమీ అడగలేదు, అంతా తెలిసినట్టే కూర్చునేది. 1997లో "ఫువా చూ కాంగ్" వచ్చింది. ఈసారి ఫిర్యాదు తిరగబడింది. ముందువాళ్ల ఇంగ్లీషు మరీ పరాయిదని గోల, ఇతనిది మరీ మనదని గోల! 1999 నేషనల్ డే ర్యాలీలో ప్రధానమంత్రి గో చోక్ టాంగ్ గారే ఇతన్ని ఇంగ్లీషు క్లాసుకు పంపమన్నారు. బడిపంతుళ్లకు అది పండుగ.

ఈ నవ్వు సంగతి మాకు పట్టడానికి వేరే కారణముంది. మన ఇళ్లలో "పసారుకెల్లి సాయుర్ తే" అంటే అందరికీ అర్థమవుతుంది. బజారు పసారైంది, కూర సాయురైంది, "ఏటి" మాత్రం శ్రీకాకుళంలో ఎలా ఎక్కిందో అలాగే దిగింది. తాతలు పెట్టెలో పెట్టి తెచ్చినది అదే. మా సాయంకాలం తరగతికి ఒక అమ్మాయి వస్తుంది, పేరు చెప్పము. అమ్మమ్మ దగ్గర నేర్చిన మాట, గలగల మాట్లాడేది. ఒక పెళ్లిలో, కొత్తగా ఈ దేశం వచ్చిన పెద్దమనిషి ఒకరు, దురుద్దేశంతో కాదు, ముచ్చటపడే, "ఇదేం తెలుగమ్మా!" అని నవ్వారు. ఆ పిల్ల ఆరు నెలలు తరగతిలో ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. వ్యాకరణం దిద్దడం మాకు చేతనవును, ముప్పై ఏళ్ల పైచిలుకు అదే మా పని. మూతపడిన నోటిని తెరిపించడం ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్పలేదు.

చివరికి తెరిపించింది పాఠం కాదు, వేషం. ఈ సాయంకాలం మా తరగతి పిల్లలు ఒక చిన్న కుటుంబ నాటిక ఆడుతున్నారు. ఇరవై నిమిషాలది, ధనవంతులెవరూ లేరు, డెక్కు మీద కూకున్నోళ్ల కథే. మాటలు పిల్లలే ఇళ్లలో విని రాసుకున్నారు; మేము ఒత్తులూ దీర్ఘాలూ తప్ప దిద్దలేదు. అమ్మమ్మ వేషం ఆ అమ్మాయిదే. తనే అడిగి తీసుకుంది.

మైకు ఒకటే ఉంది, ఒకరి నుండి ఒకరు అందుకోవాలి. మధ్యలో కాస్త ఆలస్యమైతే ఓపిక పట్టండి. ముందు వరుస కుర్చీలు అమ్మమ్మలకు, తాతయ్యలకు విడిచిపెట్టండి. వాళ్లకు ఇప్పుడు వినికిడి తక్కువ. సెలవు.