రక్షణ పద్దు - మన ప్రశ్న



రక్షణ వ్యయం తగ్గించాలని ఈ దేశంలో ఎవరైనా అనవచ్చు. మనం అంటే మాత్రం ముందు దేశభక్తికి రుజువు అడుగుతారు. వెంటనే మనం 1965 యుద్ధంలో ప్యాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి అమరుడైన అబ్దుల్ హమీద్ పేరు చెబుతాం. దర్జీ కుమారుడైన ఆ వీరుణ్ణి సంజాయిషీగా వాడుకోవడం ఇక మానుకుందాం. పన్ను కట్టే పౌరులుగానే లెక్క అడుగుదాం.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. మైనారిటీ వ్యవహారాల శాఖకు 3,350 కోట్లు. ఆ శాఖకు ఏడాదంతటికీ ఇచ్చినది, రక్షణ మీద రెండు రోజుల్లో పెట్టే ఖర్చుకన్నా తక్కువ. రక్షణ పద్దులో సుమారు 1.60 లక్షల కోట్లు పింఛన్లకు పోతాయి. వాటి జోలికి వెళ్లమని మనం అనడం లేదు. సరిహద్దులో ప్రమాదం లేదనీ అనడం లేదు. కానీ ముందటి బడ్జెట్‌కన్నా పెంచినదే దాదాపు 59 వేల కోట్లు!

ఇటు చూస్తే 2022లో 1 నుంచి 8వ తరగతి వరకు మైనారిటీ పిల్లల ఉపకార వేతనాన్ని నిలిపివేశారు. విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా అన్నారు. బడి ఉచితమే, నోటు పుస్తకాలు, చెప్పులు, ఆటో చార్జీ ఎవరిస్తారు? ఇంటి నుంచి బడికి వెళ్లే ఐదో తరగతి పిల్లవాడికి అందుతూ వచ్చినది ఏడాదికి వెయ్యి రూపాయలు. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ ఆ ఏడాదే ఆపారు.

కనుక రక్షణ వ్యయంలో పెంపు వేగాన్ని తగ్గించమనీ, ఆ ఉపకార వేతనాన్ని పునరుద్ధరించమనీ మీ పార్లమెంటు సభ్యునికి రాతపూర్వకంగా ఇవ్వండి. మీ మొహల్లాలో దాన్ని కోల్పోయిన పిల్లల సంఖ్యను, తరగతులవారీగా, ఆ వినతికి జతచేయండి.