రాలవలసిన ఆకు రాలనప్పుడు
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతు సోదరుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మిర్యాలగూడ, కోదాడ పొలములకు నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు వచ్చుచున్నది. సూర్యాపేట ప్రాంతమునకు మూసీ ప్రాజెక్టు నీరు కలదు. వరి పండించుటలో మీకు మేము చెప్పదగినది ఏమియు లేదు. కనుక మీ రెరిగిన వరిపైరుతోనే మాట ప్రారంభించి, మీరు నలుగురిలో చెప్పుకొనుటకు సంకోచించు ఒక వ్యాధిని గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి.

కంది చేనిలో కొన్ని దినములు నీరు నిలిచినచో పైరు వడలి చచ్చును. వరి మాత్రము నిలువ నీటిలోనే పచ్చగా పెరుగును. కారణమేమి? ముదిరిన వరి వేరును అడ్డముగా కోసి సూక్ష్మదర్శినితో చూచినచో లోపల గాలి అరలు కనబడును. ఆకుల వద్ద నుండి గాలి ఆ అరల గుండా వేళ్లలోనికి దిగును. వేరులోని కొన్ని జీవకణములు తమంతట తాము మరణించి చోటు విడుచుట చేతనే ఆ అరలు ఏర్పడుచున్నవి. కొన్ని కణములు పోవుటచే మొక్క బ్రదుకుచున్నది.

మన దేహమందును ఇదియే ధర్మము. గర్భములోని శిశువు చేయి మొదట తెడ్డు వలె నుండును. వ్రేళ్ల నడుమ నున్న కణములు మరణించిన పిమ్మటనే వ్రేళ్లు విడివడును. చెరువులోని తోకకప్ప కప్పగా మారునప్పుడు దాని తోక మాయమగుటయు ఇట్లే. పాత కణములు తొలగుట, క్రొత్త కణములు పుట్టుట మన శరీరములో నిత్యము జరుగుచునే యుండును. ఈ జమాఖర్చు సరిపోయినంత కాలము దేహము ఆరోగ్యముగా నుండును.

1972వ సంవత్సరమున జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టైర్ కర్రీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఈ నియమిత మరణమునకు ఒక పేరు పెట్టిరి. అబర్డీన్ విశ్వవిద్యాలయపు గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్ సూచించిన ఆ పేరు ‘అపోప్టోసిస్’. చెట్టు నుండి ఆకులు రాలుట అని దాని యర్థము. దెబ్బ తగిలి చచ్చిన కణము ఉబ్బి, పగిలి, చుట్టుప్రక్కల వాపు పుట్టించును. నియమము ప్రకారము చనిపోవు కణము అట్లు చేయదు. అది కుంచించుకొని చిన్న చిన్న మూటలుగా విడిపోవును. ఇరుగుపొరుగు కణములు ఆ మూటలను మ్రింగి చోటును శుభ్రము చేయును.

ఈ మరణము కణములోనే వ్రాయబడి యున్నదని నిరూపించినది మట్టిలో నివసించు ఒక చిన్న పురుగు. దాని పొడవు ఒక మిల్లీమీటరు. అది పెరుగునప్పుడు దేహములో 1090 కణములు పుట్టును. వానిలో 131 కణములు నియమము ప్రకారము మరణించును, 959 మిగులును. ఈ పురుగుపై చేసిన పరిశోధనలకు సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు 2002లో నోబెలు బహుమానము లభించినది.

ఇక రాలవలసిన ఆకు రాలనిచో నేమగును? చెడిపోయిన కణము చావక, తన వంటి వానిని పుట్టించుచు పోవును. అదియే క్యాన్సరుకు ఒక ముఖ్యమైన మూలము. పొలములో కలుపు కూడ ఇట్లే గదా! తన కాలము తీరినను పోక, పైరు పాలిటి ఎరువును అదియే తినివేయును.

పురుషులకు మూత్రాశయము క్రింద ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. దానిని ప్రోస్టేటు గ్రంథి యందురు. మూత్రనాళము దాని నడుమ నుండి వచ్చును. వయస్సు ముదిరిన కొలది ఈ గ్రంథి పెరుగుట సాధారణము. ఆ పెరుగుదల పలువురిలో క్యాన్సరు కాదు. కొందరిలో మాత్రము క్యాన్సరగును.

ఈ గ్రంథి పురుష హార్మోనుపై ఆధారపడి జీవించునని చికాగోలో చార్లెస్ హగిన్స్ కనుగొనెను. ఆ హార్మోనును తగ్గించినచో ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరు సైతము వెనుకకు తగ్గునని 1941లో ఆయనయు, క్లారెన్స్ హాడ్జెస్‌యు ప్రకటించిరి. 1966లో హగిన్స్‌కు నోబెలు బహుమానము వచ్చినది. హార్మోను తగ్గినప్పుడు గ్రంథి ఏల చిక్కిపోవును? ఎలుకలపై పరిశోధించి, కణములు అపోప్టోసిస్ విధముగా రాలిపోవుటయే కారణమని కెర్, సెర్లే అనువారు 1973లో తెలిపిరి. కాలువ కట్టినప్పుడు మడి ఎండినట్లే యిది.

అయితే కొన్ని క్యాన్సరు కణములు కాలక్రమమున నీరు లేకయే బ్రదుకుట నేర్చుకొనును. అణు జీవశాస్త్రజ్ఞుల పరిశోధనయంతయు ఇచ్చటనే. ప్రతి కణములోను చావును ఆపు ప్రోటీనులు, చావును నడిపించు ప్రోటీనులు కలవు. ‘బీసీఎల్-2’ అను ప్రోటీను కణమును చావనీయదని 1988లో మెల్బోర్ను నగరమున డేవిడ్ వాక్స్, ఆయన సహచరులు చూపిరి. మందుకు లొంగని ప్రోస్టేటు క్యాన్సరులలో ఈ ప్రోటీను అధికమైన సందర్భములు కనబడినవి. ఆ అడ్డును తొలగించి, చెడు కణమునకు మరల చావు నేర్పవలెనని శాస్త్రజ్ఞులు శ్రమించుచున్నారు.

క్యాన్సరు కణమును మందుతో చంపవచ్చునని లోకమునకు చూపిన తొలి ప్రయత్నములలో మన తెలుగువానికి గొప్ప భాగమున్నది. 1895లో భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిరి. కణముల వృద్ధికి అవసరమైన ఫోలిక్ ఆమ్లమునకు విరుగుడైన మందు అచ్చటనే తయారైనది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్త క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనను వ్యాధి తగ్గుటను 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే కన్నుమూసిరి.

శాస్త్ర మింత దూరము నడిచినది. కాని రోగి ఆసుపత్రి గడప త్రొక్కనిచో శాస్త్రము అతని వద్దకు నడచి రాలేదు. మా బంధువర్గములో ఒక పెద్దమనిషి ఉండెడివారు. రాత్రి నాలుగైదు మారులు లేచెడివారు. ధార సన్నగిల్లినది. అడిగిన వారితో “వయస్సు గదా” అని నవ్వి ఊరకుండెడివారు. కోడండ్రు తిరుగు ఇంటిలో ఈ మాట ఎట్లు చెప్పుట అని ఆయన సిగ్గు. నడుము నొప్పికి కాపడము పెట్టుకొని రెండు పంటకాలములు గడపిరి. తుదకు వైద్యుని చూచునప్పటికి వ్యాధి ఎముకలకు ప్రాకినది. చికిత్సతో కొన్ని సంవత్సరములు జీవించిరి. ముందే చెప్పియుండిన ఇంకను ఎన్ని సంవత్సరములు మా నడుమ నుండెడివారో! ఆ విచారము మాకు నేటికిని తీరలేదు.

కనుక మా మనవి యిది. మూత్రము సన్నగా, ఆగి ఆగి వచ్చుట, రాత్రి పలుమారులు లేవవలసి వచ్చుట, మూత్రములో రక్తము కనబడుట, విడువని నడుము నొప్పి — ఇవి కలిగినప్పుడు వైద్యునకు చూపుడు. ఇవన్నియు క్యాన్సరే యని భయపడవలదు. మొదటి దశలో క్యాన్సరు ఏ బాధయు కలిగింపకపోవచ్చును. తండ్రికిగాని, తోబుట్టువునకుగాని ఈ వ్యాధి వచ్చియున్నచో ఆ మాట వైద్యునితో తప్పక చెప్పుడు. పీఎస్ఏ అను రక్తపరీక్ష దారి చూపును. గ్రంథి వాపు వలనను ఆ అంకె పెరుగవచ్చును గనుక, నిర్ధారణకు ముక్క పరీక్ష అవసరము. కొన్ని క్యాన్సరులు మిక్కిలి నెమ్మదిగా పెరుగును. వానిని వైద్యుడు కనిపెట్టి యుండిన చాలును.

సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేర వెలసిన క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వముదే. అర్హులైన వారికి ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స పొందు వీలు కలదు.

అమ్మలారా, మీ ఇంటి పెద్దవారు చెప్పుకొనలేనిచో మీరే అడుగుడు. కుమారులారా, తండ్రిని వెంట బెట్టుకొని పొండు. పైరుకు తెగులు సోకినచో ఆకు త్రుంచి పదిమందికి చూపి సలహా అడుగు రైతు, తన దేహమునకు సోకిన తెగులును దాచుకొననేల?