మామకి ఆకు: మనకి టీ, గొంగళిపురుగుకి ఇల్లు

ఈరోజు మొక్క పేరు మామకి. హవాయి దీవుల తడి అడవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పుట్టదు. ముట్టుకుంటే మండే నెటిల్ మొక్కల కుటుంబమే, కానీ దీనికి ఆ మంట పెట్టే నూగు లేదు. మేకలూ పశువులూ లేని దీవుల్లో పెరిగింది కదా, ఆయుధంతో పనేముంది? పాపం, తర్వాత మనుషులు తెచ్చిన మేకలు దాన్ని హాయిగా మేసేస్తున్నాయి.

పాతకాలంలో హవాయి వాళ్లు దీని బెరడుని నానబెట్టి, కొట్టి, కాపా అనే బట్ట చేసేవాళ్లు. ఇప్పుడు ఎండిన ఆకుతో టీ కాస్తారు. కెఫీన్ ఉండదు.

సరే, హవాయిలో ఉంటున్న మనవాళ్లెవరైనా చూస్తుంటే, పెంచడం ఇలా. తెల్లగా పండిన కాయని నీళ్లలో పిసకండి. విత్తనాలు ఆవగింజ కన్నా చాలా చిన్నవి. తడి మట్టి మీద చల్లి వదిలేయండి. పైన మట్టి కప్పొద్దు, మొలవాలంటే వెలుతురు తగలాలి. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. మొలకకి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. మొక్క కాస్త ఎదిగాక సగం నీడ ఉండే చోట, ఈదురుగాలి తగలకుండా నాటండి. అడవిలోంచి మాత్రం పీక్కురావద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఒకరోజు ఆకుకి చిల్లులు పడతాయి, అంచు మడతపడి ఉంటుంది. వెంటనే మందు కొట్టేయకండి! ఆ మడతలో దాక్కున్నది కమేహమేహా సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చు. 2009 నుంచి అది హవాయి రాష్ట్ర కీటకం. అదీ ఆ దీవుల్లోనే ఉంటుంది, దానికి ముఖ్యమైన తిండి ఈ ఆకే. పైగా చాలాచోట్ల అది కనిపించడమే తగ్గిపోయింది. టీకి మంచి ఆకులు మీరు కోసుకోండి, మడతపెట్టినవి దానికి వదిలేయండి.