ఒంటిచేతి సేద్యము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కె.సి. కాలువ క్రింద వరి పండించు రైతుతో సేద్యమును ఆటగా నాడుకొనుచున్నారని చెప్పినచో నవ్వును. నాట్లు మొదలు నూర్పిళ్ల వరకు నడుము వంచినవానికి అందు వినోదమెక్కడిది? అయినను నేటి పిల్లలు కంప్యూటరులోను సెల్‌ఫోనులోను ఆడు ఆటలలో అట్టిది యొకటి కలదు. దాని పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. దానిని నిర్మించినవాడు ఒక్కడే: అమెరికా దేశీయుడగు ఎరిక్ బరోన్.

బరోన్ 2011లో కంప్యూటరు శాస్త్రమున పట్టము పొందెను. ఉద్యోగము దొరకలేదు. నేర్చిన విద్యకు పదును పెట్టుకొనుటకై చిన్న ఆట యొకటి చేయబూనెను. బాల్యమున అతనికి మిక్కిలి ప్రియమైనది హార్వెస్ట్ మూన్ అను జపాను ఆట. 1996లో మొదలైన ఆ వరుసలో తరువాత వచ్చినవాటికి మునుపటి రుచి లేదని అతని కొరత. కొన్ని నెలలలో ముగియుననుకొన్న పని నాలుగున్నర యేండ్లు పట్టెను.

ఆళ్లగడ్డ శిల్పశాలలలోనైనను పెద్దశిల్పికి చేదోడుగా నలుగురుందురు. బరోన్‌కు పనిలో తోడు లేదు. బొమ్మలు, సంగీతము, సంభాషణలు అన్నియు నతనివే. గీసిన ముఖములనే పలుమార్లు చెరిపి గీసెను. కొంతకాలము సాయంవేళల సియాటిల్ నగరమున నొక నాటకశాలలో ప్రేక్షకులకు ఆసనములు చూపు కొలువు చేసెను. ఇల్లు గడచినది ముఖ్యముగా అతని సహచరి సంపాదనతో. విజయగాథలు చెప్పువారు దీనిని చివర నొక్క ముక్కతో దాటవేయుదురు; న్యాయమునకు మొదట చెప్పవలసిన మాట.

2016 ఫిబ్రవరి 26న ఆట వెలువడెను. సుమారు రెండు మాసములలో పది లక్షల ప్రతులు చెల్లెను. 2024 చివరకు నాలుగు కోట్లు దాటెను. తరువాత చేర్చిన క్రొత్త భాగములకు, కొన్నవారి యొద్ద అదనపు వెల పుచ్చుకొనలేదు.

తాత విడిచిన బీడుభూమికి పట్టణోద్యోగి తిరిగి వచ్చుట ఆటలోని కథ. ఋతువునకు 28 దినములు. ఋతువు మారిననాడు కోయని పైరు చాలవరకు ఎండిపోవును. అమ్మిన పంటకు మరునాటి ఉదయమే సొమ్ము! దళారి లేడు, అప్పు లేదు. ఇది మన సేద్యము కాదని రైతు అన్నచో కాదనువారెవరు?

ఆ ఊర నొక గ్రంథాలయమును కలదు. పుస్తకములు పోగా అరలు బోసిపోయి యుండును. ఆటగాడు నేల త్రవ్వునపుడు అవి ఒకటొకటిగా దొరకి మరల అరలకు చేరును. వాటికొఱకు పైరుకు నీరు పెట్టుట మరచి త్రవ్వుచుండు పిల్లలును కలరు.