అధ్యాపకపదవీకాంక్షులు – బోధనా దస్త్రము
(వార్షిక మహాసభ యందు చదివిన యుపన్యాసము)

 

మన సంఘమువారు వసతిగృహమునకును, విద్యార్థివేతనములకును ద్రవ్య మొసగుచు వచ్చుట మిక్కిలి ముదావహము. కాని పట్టము పుచ్చుకొన్న పిదప మన బిడ్డలకు దారి చూపువా రరుదు. రేవులోను, ఉక్కు కర్మాగారములోను శ్రమించినవారి బిడ్డలు నేడు కళాశాలలలో అధ్యాపకపదవులను కోరుచున్నారు. ఆ పదవి మర్మ మెఱిగిన పెద్ద వారి యింట లేడు. వారికొఱకే యీ నాలుగు మాటలు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018 నిబంధనలలో, సహాయాచార్యపదవికి వచ్చిన దరఖాస్తులను వడియగట్టుటకై విశ్వవిద్యాలయములకు 100 మార్కుల పట్టిక నొసగిరి. అందు పరిశోధనపట్టమునకు 30, ప్రచురణములకు 10, బోధనానుభవమునకు ఏడాదికి 2 వంతున 10. ఈ మార్కులు ముఖాముఖికి పిలుచువఱకే. ఎంపిక కేవలము ముఖాముఖిపైననే యని యా నిబంధనలే పలికినవి.

నా సంగతి చెప్పెదను. ఒక కళాశాలలో మూడేండ్లు తాత్కాలికాధ్యాపకుడనై యుంటిని. నియామకపత్రము లేదు, జీతము చేతి కిచ్చెడివారు. ఆ మూడేండ్లకు రావలసిన 6 మార్కులును పోయినవి. ఎటులో ముఖాముఖికి పిలుపు వచ్చినది. “మీ బోధన యెట్టిదో చూపుడు” అనిరి. చూపుటకు నాయొద్ద నేమున్నది? సరకుపట్టీ లేక రేవు చేరిన సరకువలె నిలిచితిని.

కావున మొదటి దినమునుండియు దస్త్రము కూర్చుకొనవలయును. కెనడా దేశపు టధ్యాపకులు 1980 ప్రాంతముననే దీనికి పూనుకొనిరి. నియామకోత్తరువులు, జీతపు చీటులు ముందు. పిమ్మట బోధించిన పాఠ్యాంశములు, తరగతిలోని విద్యార్థుల సంఖ్య, ఒక పాఠప్రణాళిక, స్వయముగా కూర్చిన ప్రశ్నపత్రము, పేరు తొలగించి దిద్దిన యొక జవాబుపత్రము. అన్నిటికంటె విలువైనది వేఱొకటి కలదు: ఏ పాఠము విద్యార్థులకు తలకెక్కలేదో, మరుసటి యేట దానిని మీరెట్లు మార్చితిరో వ్రాసిన రెండు పుటలు. మన యువకులు దీనిని దాచుదురు. ఓటమి యొప్పుకొనుట యనుకొందురు. అది పొరపాటు. విద్యార్థుల పొగడ్తల నెవరైనను పోగుచేయగలరు. తప్పు కనిపెట్టి దిద్దుకొనుట బోధించినవానికే సాధ్యము. ఇరువది పుటలు మించనీయకుడు. పరీక్షకులకు తీరిక తక్కువ.

పోషకులకొక మనవి. ఆదివారము సాయంకాలము మన వసతిగృహపు నల్లబల్ల ఖాళీగనే యుండును. విశ్రాంతాచార్యు లిరువురు దయచేసి కూర్చుండినచో, మన బిడ్డలు పదేసి నిమిషములు పాఠము చెప్పి చూపెదరు. మొదటి వారము నేనును వచ్చి వెనుక బల్లపై కూర్చుండెదను.