ఆమె పేరు జినా



ఈరోజు మనం ఇరాన్‌కు చెందిన ఒక యువతి గురించి ఆలోచిద్దాం. ప్రభుత్వ కాగితాల్లో ఆమె పేరు మహ్సా అమీని. ఇంట్లోవాళ్లు పిలుచుకునే కుర్దు పేరు జినా. వయసు 22. ఊరు సక్కెజ్. 2022 సెప్టెంబరు 13న తమ్ముడితో టెహ్రాన్‌లో ఉండగా, తల ముసుగు సరిగా లేదని నైతిక పోలీసులు వ్యాన్‌లో ఎక్కించుకుపోయారు. కొన్ని గంటల్లోనే కోమాలోకి వెళ్లింది. 16న చనిపోయింది. గుండెపోటు అన్నారు పోలీసులు. కొట్టారన్నది కుటుంబం. నిర్బంధంలో జరిగిన హింసే ఆమె మరణానికి దారితీసిందని 2024 మార్చిలో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తేల్చింది.

గుడ్డముక్క కోసం ఇంత ఘోరమా అనిపిస్తుంది. కానీ ఇది గుడ్డ సంగతి కాదు. 1936లో ఇదే ఇరాన్‌లో రెజా షా ముసుగును నిషేధించాడు. పోలీసులు వీధుల్లో స్త్రీల ముసుగులు లాగేశారు. 1979 విప్లవంతో పాలకులు మారారు. వేసుకోవాల్సిందే అన్నారు. ఆ ఏడాది మార్చి 8న వేలాది స్త్రీలు టెహ్రాన్ వీధుల్లోకి వచ్చి కాదన్నారు. అయినా 1983లో 74 కొరడాదెబ్బల శిక్ష చట్టమైంది. ఆజ్ఞ తలకిందులైంది గానీ, స్త్రీని అడిగినవారు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

జినాను మట్టి చేసిన రోజున సక్కెజ్ స్త్రీలు ముసుగులు తీసి "స్త్రీ, జీవితం, స్వేచ్ఛ" అని నినదించారు. దేశమంతా ఆ మాటే మోగింది. అణచివేతలో 551 మంది వరకు చనిపోయారని అదే బృందం చెప్పింది. వారిలో 68 మంది పిల్లలు.

ఇది విని "ముస్లింలంటే ఇంతే" అనుకుని లేచిపోతే మనం ఏమీ విననట్టే. ప్రాణాలకు తెగించి వీధిలోకి వచ్చినవారిలో ఎక్కువమంది ముస్లింలే. అదే 2022లో, మనలో ఎందరో తరతరాలుగా బతుకుతున్న కర్ణాటకలో, ముసుగు వేసుకున్నందుకు ఆడపిల్లలను కాలేజీ గేటు దగ్గర ఆపేశారు. జినా కోసం ఏడ్చి ఈ పిల్లలను మరిచిపోతే అది న్యాయం కాదు, పక్షపాతం.

లూకా సువార్త 13వ అధ్యాయంలో 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ ఉంది. విశ్రాంతిదినాన యేసు ఆమెను స్వస్థపరిస్తే సమాజమందిరపు అధికారి మండిపడ్డాడు. నియమం తప్పిందని అతని బాధ. ఆమె నిటారుగా నిలబడిందని యేసు సంతోషం. ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు.

ఆ అధికారి మన సంఘాల్లో లేడా? ఆడపిల్ల ఏం కట్టుకోవాలో, ఎంత చదవాలో, ఎవరిని చేసుకోవాలో వాక్యం పేరుతో తీర్పు చెప్పేవారున్నారు. భర్త కొడుతున్నాడని వచ్చిన సహోదరిని "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి" అని పంపేసేవారున్నారు. ఇక అలా పంపొద్దు. ప్రార్థన చేద్దాం, 2005 గృహహింస చట్టం ఉందని చెబుదాం, ఆమె కోరితే రక్షణాధికారి దగ్గరకు తోడుగా వెళ్దాం. స్త్రీల గురించి నిర్ణయం జరిగే ప్రతి కమిటీలో స్త్రీలను కూర్చోబెడదాం. వాళ్ల మాట ముందు విందాం.

దేవుని పేరు చెప్పి నడుము వంచేవారి పక్షాన కాదు, లేవనెత్తిన ప్రభువు పక్షాన నిలబడదాం. ఆమేన్.