కార్డులు నాలుగు, జ్వరం ఒక్కటే

(కాగజ్‌నగర్‌లో కార్మికులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2011లో సకల జనుల సమ్మె నాటికి మేము విద్యార్థులం. నలభై రెండు రోజులు ఆఫీసులకు తాళాలు పడ్డయి. సింగరేణి కార్మికులు తట్టా చెమ్మస్ పక్కన పెట్టిండ్రు. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పోయేదాకా అరిచినం. నిధులంటే దవాఖాన కూడా అందులో లెక్కే. జిల్లాలో డాక్టర్ లేడంటే, మందు లేదంటే అప్పుడు జవాబు మన నాలుక మీదనే ఉండె: పరాయి పాలన. ఆ జవాబు 2014 జూన్ 2 నాటితో చెల్లిపోయింది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా తీసి చూడుండ్రి. ఆరో అంశం ఏమంటది? ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, దవాఖానలు, డిస్పెన్సరీలు. హైదరాబాద్‌లో ఏ జెండావాళ్లు కూచున్నా ఈ బాధ్యత వాళ్లదే. ఢిల్లీకి బాధ్యతే లేదని కాదు. 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం వైద్యానికి పెడతమని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నది వాళ్లే. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతం పెట్టాలన్నదీ అందులోనే ఉన్నది. రెండూ కాగితం మీదనే మిగిలినయి. కాగితం సంగతి కాగజ్‌నగరోళ్లకు మేము చెప్పేదేమున్నది!

ఈ ఊరికి ఈఎస్ఐ దవాఖాన ఉన్నది. 1948 నాటి చట్టంతో వచ్చింది అది, కార్మికుడు కొట్లాడి సాధించుకున్న హక్కు. కానీ ఆ హక్కు జీతంలో కోతకు ముడిపడి ఉన్నది. ఇప్పటి లెక్కన కార్మికుడు 0.75 శాతం, యాజమాన్యం 3.25 శాతం కట్టాలె. జీతం 21 వేలు దాటితే బయటికి. కోత ఆగితే కొన్ని నెలల్లో వైద్యం కూడా ఆగుతది. 2014 సెప్టెంబర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు గేటుకు తాళం పడ్డది. 2018లో జేకే పేపర్ చేతికి పోయేదాకా తెరుచుకోలేదు. పని పోయినప్పుడే కదా మనిషికి రోగం ఎక్కువ వచ్చేది? సరిగ్గా అప్పుడే హక్కు పోయే చట్టాన్ని భద్రత అని ఎట్లా అంటం? ఇక పోడు రైతుకు, తునికాకు కూలీకి, బీడీలు చేసే అక్కకు ఆ గేటు దాకా వచ్చే దారే తక్కువ.

ఇప్పుడు ఆరోగ్యశ్రీ. దాన్ని తిట్టిపోయడానికి మేము రాలేదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008లో రాష్ట్రమంతటికీ వచ్చింది. సీఎం రిలీఫ్ ఫండ్ దరఖాస్తు పట్టుకొని ఎమ్మెల్యే ఇంటి ముంగట నిలబడ్డ పేదోనికి గుండె ఆపరేషన్ దొరికింది. అది నిజం. 2023 డిసెంబర్ 9న పరిమితిని పది లక్షలకు పెంచిండ్రు. మంచిదే. మరి వానకాలం బెజ్జూరులోనో పెంచికల్‌పేటలోనో జ్వరంతో పడుకున్న మనిషికి రక్త పరీక్షకు, గోళీలకు, ఆటో కిరాయికి ఆ పది లక్షల్లో ఎంత వస్తది? బీపీ, షుగర్ గోళీలకు ఎంత వస్తది? ఆపరేషన్ దాకా ముదిరితేనే పేదోడు సర్కారు కంటికి కనబడుతున్నడు. ముదిరినంక పోయేది ఎక్కడికి? సికింద్రాబాద్ రైలెక్కి చూడుండ్రి, ఎక్స్‌రే కవర్ లేని బోగీ దొరకదు.

పోయినా తలుపు తెరిచి ఉంటదన్న భరోసా లేదు. బకాయిలు రాలేదని 2019 ఆగస్టులో నెట్‌వర్క్ దవాఖానలు సేవలు బంద్ పెట్టినయి. 2025 సెప్టెంబర్‌లో మళ్లీ బంద్ పెట్టినయి. అప్పుడొక పార్టీ సర్కారు, ఇప్పుడొక పార్టీ సర్కారు. సర్కారు దవాఖానల దిక్కు చూపిస్తది, దవాఖానలు సర్కారు దిక్కు చూపిస్తయి. నడుమ స్ట్రెచర్ మీద ఉన్నది మనోడు.

ఉద్యోగులకు, మా జర్నలిస్టులకు ఇంకో హెల్త్ కార్డు. ఢిల్లీ వాళ్ల ఆయుష్మాన్ ఇంకోటి. ఎవరి కార్డు కోసం వాళ్లే కొట్లాడాల్సిన ఏర్పాటు ఇది. పాలకులకు ఇంతకంటే సుఖం ఏముంటది? థాయిలాండ్‌లో 2002లో అందరికీ వైద్యం అన్నప్పుడు, అంతకుముందే అక్కడ జిల్లా దవాఖానలు కట్టుకొని ఉన్నరు, కొత్త డాక్టర్లను పల్లెలకు పంపే నియమం పెట్టుకున్నరు. కార్డు తర్వాతి సంగతి.

పైసలు లేవంటరు. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడ్డ వ్యవసాయ కూలీని ఒకదాని తర్వాత ఒకటి సర్కారు దవాఖానలన్నీ బెడ్ లేదని తిప్పి పంపినయి. చివరికి ప్రైవేటులో పదిహేడు వేలు పెట్టి బతికిండు. 1996లో సుప్రీంకోర్టు ఏమన్నది? ప్రాణం కాపాడే బాధ్యత నుంచి పైసల్లేవన్న సాకుతో సర్కారు తప్పించుకోజాలదన్నది. ఇరవై ఐదు వేలు పరిహారం కట్టించింది. ఈ తీర్పును విద్యార్థులు చదవాలె, ఊర్లల్లో చెప్పాలె.

2023లో ఆసిఫాబాద్‌కు మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషం. అయితే బోర్డు చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోయే రోజులు కావివి. జిల్లాలో ప్రతి సర్కారు దవాఖాన గోడ మీద మంజూరైన డాక్టర్, నర్సు, ల్యాబ్ పోస్టులెన్ని, నిండినవెన్ని, లేని మందులేవి అని నెలనెలా తెలుగులో రాసిపెట్టాలె. ఈ ఒక్క డిమాండ్‌తో మొదలుపెడదాం. మిల్లు కార్మికుడు, గెజిటెడ్ ఉద్యోగి ఒకే కాగితం మీద సంతకం పెట్టాలె. ఆ కాగితం ఇప్పుడు సభలో తిరుగుతది. కలెక్టర్‌కు ఒక ప్రతి, ఎమ్మెల్యేకు ఒక ప్రతి. వేలిముద్ర అయినా సరే, ఊరి పేరు మాత్రం రాయుండ్రి.